కల్వర్టు దాకా

మధుకర్ శాలువా విప్పి రెండడుగులు ముందుకు వేశాడు. వనజ రెండడుగులు వెనక్కి వేసింది. చప్పట్ల కోసం లేచిన చేతులు అలాగే ఆగిపోయాయి.

"నాకొద్దు సార్," అంది వనజ.

మహబూబాబాద్‌లో ఆ ఫంక్షన్ హాలు మాట్లాడిందీ, శాలువాలు తెప్పించిందీ, మధ్యాహ్నానికి బిర్యానీ చెప్పిందీ అంబులెన్సులు నడిపే కంపెనీ. మధుకర్ దాని మేనేజరు. గోడ మీద తెరపై మండలాల పేర్లు ఎర్రగీతలతో, పచ్చగీతలతో మెరుస్తున్నాయి. అన్నింటికన్నా పైనున్న పచ్చగీత కొత్తగూడది. అక్కడ ఫోన్ చేసిన పది నిమిషాల్లో బండి రోగి ముందు ఉంటోందట. అడవి మండలంలో ఇంత గొప్ప సేవ అందుతోందని, అక్కడి తండాలో ఆశ వర్కర్‌గా చేస్తున్న వనజను పిలిచి సన్మానం పెట్టారు.

అక్కడితో ఆగినా బాగుండేది. గుంతలూ వాగులూ దాటగలిగే జీపు అంబులెన్సు ఒకటి కొత్తగా వచ్చిందని, దాన్ని ఆలస్యాలు ఎక్కువగా ఉన్న భూపాలపల్లి వైపు పంపుతున్నామని మధుకర్ నవ్వుతూ ప్రకటించాడు. కొత్తగూడకు దాని అవసరమే లేదట. ఆ మాటతో వనజకు ఒళ్ళు మండిపోయింది.

ఆ జీపు వచ్చిందని ముందే విని, దాన్ని అడగడానికే ఆమె పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. తండా నుంచి చత్రును వెంటబెట్టుకుని వచ్చింది. చత్రు భార్య కమలాబాయికి నెలలు నిండాయి. నిరుడు వానాకాలం ఆమె తొలికాన్పు వాగు ఒడ్డున డోలీలోనే జరిగింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ వాగు నిండుగా పారుతోంది. ఈసారి కాన్పు అయ్యేదాకా జీపు తండాలోనే ఉంటుందని కమలాబాయికి మాటిచ్చి మరీ బయలుదేరింది వనజ.

"మీరు మొదటి ర్యాంకులో ఉన్నారమ్మా. సంతోషించాల్సింది పోయి కోపమెందుకు?" అన్నాడు మధుకర్.

వనజ వెనక్కి తిరిగి, చివరి వరుసలో కూర్చున్న చత్రును లేచి రమ్మంది. అతను మొహమాటపడుతూ వచ్చి నిలబడ్డాడు. భుజం మీది కండువా తీసి అంగీ పక్కకు జరపమంది. డోలీ బొంగు ఒరుసుకుని ఒరుసుకుని అక్కడి చర్మం నల్లగా కాయకట్టి ఉంది.

"గిది సార్ మీ మొదటి ర్యాంకు," అంది వనజ. "మా తండల సిగ్నల్ ఉండదు. మనిషిని డోలీల పండవెట్టుకొని అడివి దాటాలె, వాగు దాటాలె. రోడ్డు మీది కల్వర్టు కాడికి వచ్చినంక ఒక్క గీత సిగ్నల్ వస్తది. గప్పుడు ఫోన్ చేస్తం. మీ గడియారం గప్పుడు మొదలైతది."

మధుకర్ నొచ్చుకోలేదు. ఒప్పందంలో అలాగే ఉందని ఓపికగా చెప్పాడు. ఫోన్ వచ్చిన క్షణం నుంచి బండి చేరిన క్షణం దాకా కంపెనీ బాధ్యత. అంతకుముందు జరిగినదాన్ని కొలవమని ఎవరూ అడగలేదట.

"గా ముందటిది ఎవరి లెక్కల పడ్తది సార్? వీని బిడ్డ పోయింది గా ముందటనే."

చత్రు తల దించుకున్నాడు. వనజ ఆగలేదు. అడవిలో అడుగు పెట్టని బండికి పేరొచ్చిందనీ, మనుషుల్ని మోసినవాళ్ళ ఊసు ఆ తెర మీద ఎక్కడా లేదనీ కడిగేసింది. చేతకాని చోటికి జీపు ఇస్తామంటున్నారు, మరి భుజాలు కాయలుకట్టేలా మోయడమేనా మేం చేసిన తప్పు అని అడిగింది. ముందు వరుసలోని నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మధుకర్ శాలువాను కుర్చీ మీద పెట్టి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

"మీరు చెప్పింది న్యాయం. ఇది మా లెక్కలో లేకపోవడం తప్పే," అన్నాడు.

వనజ ఈ మాట అనుకోలేదు. డోలీ ఎక్కడ మొదలవుతుంది, ఎంతమంది మోస్తారు, కల్వర్టు ఎంత దూరం అని అతను శ్రద్ధగా అడిగాడు. ఆమె ఒక్కటీ దాచకుండా చెప్పింది. కల్వర్టు దాకా ఎంతసేపు పడుతుందని చత్రును అడిగాడు.

"మూడు గంటలు వడ్తది సార్," అన్నాడు చత్రు. అంత పెద్ద సారు తనను అడిగినందుకు అతనికి ఉత్సాహం వచ్చింది. "ఎండాకాలం వాగుల నీళ్ళు లేనప్పుడు, నేను ముందట వడితే ఓపారి ఒక్క గంటలనే తెచ్చిన."

మధుకర్ అది కూడా ఎక్కించాడు. తెర మీద కొత్తగూడ పేరు కింద కొత్త వరుస పుట్టింది. 'డోలీ' అని ఉంది దాని పక్కన. వనజ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళకు ఆ మోత ఒకరికి కనబడింది. ఈసారి హాలు హాలంతా నిజంగానే చప్పట్లు కొట్టింది. ఆమె తల వంచి శాలువా కప్పించుకుని, దాన్ని తీసి చత్రు భుజం మీద వేసింది.

"గయితే జీపు మా తండకే కదా సార్?" అని అడిగింది.

"జీపెందుకమ్మా, బండి వైపు ఆలస్యం లేదుగా," అన్నాడు మధుకర్, డోలీ వరుసకు ఎర్రరంగు వేస్తూ. "ఆలస్యమంతా డోలీదే. చత్రు చెప్పిన గంటే ఇకనుంచి లక్ష్యం, అది దాటితే సంజాయిషీ మీరే ఇవ్వాలి."