చలికి తట్టుకునే రకం

గేటు తీసే ఉంది కదా అని ఒక ముసలాయన లోపలికొచ్చి, పెరట్లో మోడులా నిలబడ్డ చెట్టును కావలించుకున్నాడు.

లుంగీలో ఉన్న ప్రేమరాజు చేతిలో టీ ఒలికింది.

"దయా! ఎవరో అరబ్బు మన చెట్టును వాటేసుకున్నాడే!"

దయావతి బయటికొచ్చింది. సౌదీలోని తబూక్‌లో నర్సు. ఆ ఇంట్లో జీతం ఆమెది, అభిప్రాయాలు ప్రేమరాజువి.

ముసలాయన చెట్టుకి చెంప ఆనించి ఏదో గొణిగాడు.

"నిద్రపోతోందంటున్నాడండీ."

"ఎవరు?"

"చెట్టు."

"ఆకొక్కటి లేదు. మా పాలకొల్లులో దీన్ని చెట్టనరు, కట్టెలంటారు."

ముసలాయన ప్రతి శుక్రవారం రావడం మొదలుపెట్టాడు. చెట్టును పట్టుకుని కాసేపు నిలబడేవాడు. నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు.

చలికాలం మొదట్లో ఆ ఇంట్లో దిగినప్పుడు ఓనరు అబ్దుల్ వహాబ్ ఆ చెట్టును చూపిస్తూ చాలాసేపు చెప్పాడు. దయావతి డ్యూటీలో ఉంది. ప్రేమరాజుకి అరబ్బీలో వచ్చిన మాట ఒక్కటే. అన్నింటికీ "తమామ్", అంటే సరే, అన్నాడు.

అతని బెంగ వేరే. పెరట్లో ఆప్రికాట్, ప్లమ్ కాయించాలి. కాయలు కోస్తూ ఫోటో దిగి ఊరికి పంపాలి. దుబాయిలో ఉన్న తోడల్లుడికి బాల్కనీలో కరివేపాకే దిక్కు మరి.

తీరా వేసిన మొక్కలు చలికి మాడిపోయాయి.

"ఎండ తగిలే చోటంతా ఈ కట్టెలే ఆక్రమించాయి. కొట్టించేస్తాను."

"ఓనర్ని అడగొద్దూ?"

"అన్నింటికీ తమామ్ అన్నాంగా!"

ఓ బంగ్లాదేశీ కూలీని పిలిచి కొట్టించాడు. మొదలు నరుకుతుంటే లోపల పచ్చిగా ఉంది. బంగ్లాదేశీ గొడ్డలి ఆపి చూశాడు.

"తడిలే. కానియ్," అన్నాడు ప్రేమరాజు.

శుక్రవారం ముసలాయన వచ్చాడు.

చెట్టు లేదు.

ఆయన కొమ్మ ఉండాల్సిన ఎత్తుకి చెయ్యెత్తి, ఖాళీ గాలిని నిమురుతూ నిలబడ్డాడు. ఈసారి వెళ్ళిపోలేదు. ఎటు వెళ్ళాలో తెలియనట్టు చూశాడు. చివరికి ప్రేమరాజే చెయ్యి పట్టుకుని బయటికి పంపి, గేటుకి తాళం వేశాడు.

మరుసటి శుక్రవారం గేటు ఊచల్లోంచి చెయ్యి ఒక్కటే లోపలికొచ్చింది. గాలిని నిమురుతోంది.

దయావతి కర్టెన్లు వేసేసింది.

"వెళ్ళాడా?"

"మీరే చూడండి."

"నేనెందుకు చూస్తాను?"

ఆ సాయంత్రమే ప్రేమరాజు నర్సరీకి పరిగెత్తాడు. కొట్టేసిన చోట ఏదో ఒక చెట్టు నిలబెట్టేస్తే ఆ చెయ్యి ఊరుకుంటుందేమోనని ఆశ. నర్సరీలో కడప దావూద్ ఉన్నాడు.

"చలికి తట్టుకునే రకం ఇవ్వు భాయ్. కాయ మాత్రం పెద్దది కావాలి."

"పెద్దకాయవి తొందరపడి పూస్తాయి సార్. చలికి పూతంతా మాడిపోతాది. ఈ ఊర్లో చలికి ఆగేది ఒక్క ఆప్రికాటే ఉండాది. ప్లమ్ గూడా దాని మీదనే అంటు కడతాం."

"అదే ఇవ్వు."

"ఇంకా కట్టల్యా సార్. తల్లిచెట్టు ఒక్కటే. ఆకు రాలి నిద్రపోయేటప్పుడే కొమ్మలు కోసుకొని రావల్ల. అబ్దుల్ వహాబోళ్ళ పాతింట్లో ఉండాది. ఇప్పుడెవరో మనోళ్ళే బాడుగకున్నారంట, అడగాల."

ప్రేమరాజు కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాడు.

"ఎవరు... ఎవరు పెంచారు దాన్ని?"

"వహాబ్ నాయన సార్. ఎన్నో రకాలేసి, అన్నీ సచ్చిపోతే, నిలబడిన ఆ ఒక్కదాన్నే బిడ్డ మాదిరి సాకినాడు."

"ఇప్పుడాయన..."

"మతి పోయింది పాపం," అన్నాడు దావూద్, మొక్కలకి నీళ్ళు పడుతూ. "కన్నకొడుకుల్ని గూడా గుర్తుపట్టడు. ఆ చెట్టు పట్టుకొని నిలబడితేనే, ఆయప్పకి తన పేరు గుర్తొస్తాది."