చామంతుల దండ

అధ్యక్షుడు న్యూజిలాండ్‌లో తాముండే టౌరంగా ఊరికి వస్తున్నాడని తెలిసిన రోజే పట్టాభిరామయ్య మాస్టారి చెవి మిషన్ పోయింది.

సోఫా మెత్తలు ఎత్తి చూశారు. చొక్కా జేబులు తిరగేశారు. పెరట్లో నిమ్మచెట్టు కిందకి వెళ్లి వెతికారు, వచ్చి కూర్చున్నారు, మళ్లీ వెళ్లారు. కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు క్లినిక్ వాళ్లు. అధ్యక్షుడు వచ్చేది శుక్రవారం.

"ప్రశ్న అడగ్గలను. జవాబు ఎలా వినను?" అన్నారు మాస్టారు.

సుశీలమ్మ భర్త చెవి దగ్గరకు వంగింది. "జవాబు నేను వింటాను. మీరు అడగండి చాలు."

ఒకప్పుడు ఆయన ఆఫ్రికాలోని ఒక చిన్న దేశంలో లెక్కలు చెప్పేవారు. ఇప్పటి అధ్యక్షుడు సైమన్ అక్కడ ఆయన శిష్యుడు. సైమన్, అదే బెంచీలో కూర్చునే ఇంకో కుర్రాడు ఎప్పుడూ కలిసే తిరిగేవారు. అల్లర్లు జరిగిన ఏడాది ఇద్దరూ కలిసే ఊరేగింపుకి వెళ్లారు. ఆ తర్వాత సైమన్ ఒక్కడే కనిపించాడు. అదీ చాలా ఏళ్లకి, టీవీలో. రెండోవాడి సంగతి అతనికే తెలియాలి.

సొంత దేశంలో అధ్యక్షుడి దగ్గరకు ఎవరినీ రానివ్వరు. అందుకే అతని విదేశీ పర్యటనల వార్తలు మాస్టారు ఒక్కటీ వదలరు. ఢిల్లీ వచ్చినప్పుడు వెళ్లారు. సిడ్నీ వచ్చినప్పుడూ వెళ్లారు. బారికేడ్ల వెనకనుంచి నల్లటి కారు అద్దాలే కనిపించాయి. రెండుసార్లూ సుశీలమ్మ కట్టిన దండ వాడిపోయింది.

ఈసారి అదృష్టం శశిధర్ రూపంలో వచ్చింది. తెలుగు సంఘం కార్యదర్శి. అధ్యక్షుడు చూడబోయే, కివీ పండ్లు పెట్టెలకెత్తే ప్యాక్‌హౌస్‌లో మేనేజర్. స్వాగతం చెప్పే వరసలో ఇద్దరికీ చోటిప్పించాడు. తనే కారులో తీసుకెళ్లాడు.

సుశీలమ్మ ఒళ్లో తడిగుడ్డ మీద పెరటి చామంతుల దండ ఉంది.

"ఇదేంటాంటీ, ఇంత చిన్నగా కట్టారు? ప్రెసిడెంట్ తల కూడా పట్టదు ఇందులో!"

"సరిపోతుందిలే బాబూ."

"మాస్టారూ, మీరు మాత్రం కెమెరా వైపు చూసి నవ్వాలి. మన అసోసియేషన్ పేజీలో పెట్టేద్దాం."

మాస్టారికి వినపడలేదు. పెదవులు కదుపుతూ తన ప్రశ్న తనే వల్లె వేసుకుంటున్నారు.

అధ్యక్షుడు చేతులు కలుపుతూ వరస వెంట వచ్చాడు. మాస్టారి ముందు ఆగిపోయాడు.

"సర్! మీరా!"

వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాడు. మాస్టారి ఇంట్లో నేర్చుకున్న అలవాటు. అందరూ చప్పట్లు కొట్టారు. సుశీలమ్మ చేతిలో పూలు చూసి, అతను నవ్వుతూ మెడ వంచాడు.

దండ కదల్లేదు.

"నీ పక్కన కూర్చునేవాడు ఏమయ్యాడు?" మాస్టారు అడిగారు. తన గొంతు తనకే వినపడని మనిషి. షెడ్డంతా వినిపించింది.

అధ్యక్షుడు వంచిన మెడ ఎత్తలేదు.

"జవాబు చెప్పు, సైమన్."

అతను నెమ్మదిగా తలెత్తాడు. మాస్టారిని కాదు, సుశీలమ్మను చూశాడు. పెదవులు కదిలాయి. అంతలో ఎవరో అతని మోచెయ్యి పట్టుకున్నారు. వరస ముందుకు సాగిపోయింది.

తిరుగుదారిలో శశిధర్ ఆగలేకపోయాడు. "అంత పెద్దాయన మెడ వంచి నిలబడ్డాడు కదాంటీ! వేసేస్తే పోయేది. కెమెరాలన్నీ మన మీదే ఉన్నాయి. పరువు పోయింది."

మాస్టారు సీటు బెల్టు వదులు చేసి, మళ్లీ బిగించి, భార్య వైపు తిరిగారు.

"పెదవులు కదిలాయి. ఏమన్నాడు?"

సుశీలమ్మ ఆయన చెవి దగ్గరకు వంగింది. "ఏమీ అనలేదు."

ఆమె చేతిసంచి తెరిచింది. అందులో ఉన్న ఫొటోకి, సైమన్ పక్కన కూర్చునే తమ కొడుకు గౌతమ్ ఫొటోకి, ఆ దండ వేయాలో వద్దో ఈసారి కూడా తేలలేదు.