నాలుగో చార్జరు

"నాలుగోదానికి పెట్టు" అంది ఆవిడ, కంప్యూటరు తెర మీంచి చూపు తిప్పకుండానే.

లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మళ్ళీ నాలుగేనా అమ్మా? రెండోది ఖాళీగానే ఉందిగా!"

"దానికి వేరే బండి వస్తోంది. పెట్టమన్న చోట పెట్టు."

అతను గొణుక్కుంటూ బండిని చివరికి తీసుకెళ్ళి, లావుపాటి కేబులు తగిలించాడు. ఈ కరెంటు లారీలకు అరగంట చార్జింగు చాలు. నాలుగో చార్జరు దగ్గర మాత్రం గంటన్నర పడుతుంది.

ఆ చార్జింగు స్టేషనులో ఆవిడని అమ్మా అని పిలవనివాళ్ళు లేరు. వాచ్‌మన్, టీ కొట్టువాడు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిపోయే డ్రైవర్లు, అందరికీ అదే పిలుపు.

"అందరికీ అమ్మవే. పాపం, అతనికి మాత్రం సవతి తల్లివి" అన్నాడు కాసేపటికి రెండో చార్జరు దగ్గరికొచ్చిన డ్రైవరు, టీ ఊదుకుంటూ.

ఆవిడ నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే ఇంజనీరు వచ్చాడు. నాలుగో చార్జరు నత్తనడక నడుస్తోందని పై ఆఫీసుకి ఫిర్యాదు వెళ్ళింది. చేసింది మరెవరో కాదు, ఆ ఎర్రకళ్ళ డ్రైవరే.

పొద్దుటి నుంచి స్టేషన్లు తిరిగి తిరిగి ఇంజనీరు చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆవిడ తన ఫ్యాను అతని వైపు తిప్పింది. అతను ఒక్క క్షణం కూర్చుని కళ్ళు మూసుకుని, లేచి పనిలో పడ్డాడు.

కేబులు చూశాడు. మీటరు పెట్టి చూశాడు. అంతా బాగానే ఉంది. చివరికి ఆవిడ ముందున్న తెర చూసి ఆగిపోయాడు.

"ఇక్కడే కరెంటు తగ్గించి ఉంది కదమ్మా! ఎవరు చేశారిది?"

"నేనే సార్."

"పైకి చెబితే మీ ఉద్యోగం పోతుంది. తెలుసా?"

"తెలుసు."

"మరి?"

ఆవిడ చివరి బండి వైపు చూసింది. డ్రైవరు స్టీరింగు మీద తల ఆనించి, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"కొత్త బండ్లలో కెమెరా ఉంటుంది కదా సార్. రెప్ప వాలితే కేకలు పెడుతుంది. దారిలో ఆపితే ఎందుకాపావని ఆఫీసు నుంచి ఫోను. ఈ కేబులు తగిలించి ఉన్నంతసేపే ఎవరూ ఏమీ అడగరు."

"డ్రైవర్లందరికీ అదే అవస్థ కదమ్మా."

"మిగతావాళ్ళు ఎక్కడో చోట ఆపేసి, నాలుగు తిట్లు తిని, కాసేపు నడుం వాలుస్తారు. ఈ మొండిఘటం ఆపడు సార్. పోయిన నెల ఒక మలుపు దగ్గర గోడని రాసుకుంటూ పోయాడు. కెమెరా అరుస్తూనే ఉందట."

ఇంజనీరు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత మీటరు సంచిలో పెట్టేశాడు. తెర జోలికి పోలేదు.

డ్రైవరు లేచి, మొహం కడుక్కుని వచ్చాడు. "ఏమైంది సార్? బాగయిందా?"

"లేదు. సామాను పైనుంచి రావాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"చెప్పలేను. అప్పటిదాకా ఇంతే, సర్దుకోవాలి."

"మా ఖర్మ!" అన్నాడు డ్రైవరు, ఒళ్ళు విరుచుకుంటూ. కళ్ళలో ఎరుపు కాస్త తగ్గింది.

ఇంజనీరు వెళ్ళిపోయాడు. డ్రైవరు కేబులు తీసి, బండిని చప్పుడు లేకుండా ముందుకు తెచ్చి, ఆవిడ గది పక్కన క్షణం ఆపాడు.

"డ్యూటీ దిగాక నువ్వు బజారుదాకా నడవకమ్మా, నాన్నకి మాత్రలు ఇంటికొచ్చేటప్పుడు నేనే పట్టుకొస్తాను" అన్నాడు.