గడపకు అడ్డం

"లేస్తావా, లేదా?"

పసుపుగిన్నె పట్టుకుని గడప ముందు నిలబడిపోయింది కదిరమ్మ. శుక్రవారం. గడపకు పసుపు పూయాలి. ఆ గడపకు అడ్డంగా దూడంత కుక్క, బ్రూనో, తాపీగా పడుకుని ఉంది.

తోకతో నేలను ఒకసారి కొట్టింది. అంతే, లేవలేదు.

కదిరమ్మ చీపురు తిరగేసి ఒక్కటిచ్చింది. అది కళ్లు మూసుకుని భరించింది కానీ జానెడు కూడా జరగలేదు.

పడుకున్న ప్రాణిని దాటకూడదంటారు. కదిరమ్మ ఉస్సురంటూ పెరటి వాకిలి దాటి, సందు చుట్టి వీధిలోకి వచ్చింది. రోజూ ఇదే తిప్పలు.

ఆ కుక్క వాళ్లు కోరి తెచ్చుకున్నది కాదు. మామ ఓబళప్ప బెంగళూరు దండులో, అంటే తెల్లసైన్యం ఉండే కంటోన్మెంటులో, ఒక దొర బంగళాలో ముప్పై ఏళ్లు తోటమాలి. దొర బర్మా యుద్ధానికి పోతూ పోతూ తన గ్రేట్ డేన్ జాతి కుక్కను ఆయన చేతిలో పెట్టిపోయాడు. ఆ తర్వాత దొర జాడ లేదు. మామకు మతి తప్పింది. కుక్క మాత్రం కబ్బన్‌పేటలోని ఈ రెండంకణాల ఇంట్లో మిగిలింది.

అసలే రేషను రాగులు. ఇంటిల్లిపాదీ అరకడుపు తింటే గానీ దాని సంగటి ముద్ద తేలేది కాదు.

పైగా మొండిఘటం. దొర మాటల్లో చెప్పినా, తెలుగులో బతిమాలినా, కన్నడంలో తిట్టినా దానిది ఒకటే చూపు. కదిరమ్మ మొగుడు వెంకటేశప్ప మిల్లుకు పోవడమే ఆలస్యం, వచ్చి గడపకు అడ్డం పడేది. అతను తిరిగొస్తే గానీ లేచేది కాదు.

"ఇదేం కావలి కదిరమ్మా!" ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ నవ్వింది. "కావలికుక్క వీధి తట్టు చూస్తాది. మీది వీధికి వీపు పెట్టి ఇంట్లోకి చూస్తా ఉండాది. దొంగొస్తే దాని వీపు తొక్కి లోపలికి పోతాడు."

"నేనెంత తింటా ఉండానో చూస్తాదేమో అక్కా."

"నగుతావేమి? గడప మీద కుక్క పడుకోనుంటే లచ్చిమి ఎట్ల వస్తాది లోపలికి? మామను ఇంత బాగా చూసుకుంటా ఉండావు. ఆ పుణ్యం కూడా దక్కదు నీకు."

మామ విషయంలో వీధి వీధంతా కదిరమ్మను మెచ్చుకునేది. మతి లేని ముసలాయనను కంటికి రెప్పలా కాస్తోందని. నిజానికి ఆమె చేసేది పొద్దున స్నానం, రెండు పూటలా సంగటి. తక్కిన వేళంతా పెరట్లో కూర్చుని మగ్గాలవాళ్లకు నూలు కండెలు చుట్టేది. ముసలాయన నడవలో కూర్చునేవాడు. ఆయనతో ఏనాడూ ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా కుక్కతోనే.

ఆ సాయంత్రం వెంకటేశప్ప ముందు మామ పంచె పరిచింది.

"చూడండి, మళ్లా చింపింది!"

అంచులో పంటి గాట్లు. పక్కన జానెడు చిరుగు. దాని పక్కన కదిరమ్మ కుట్టిన పాత చిరుగులు.

"గుడ్డ దొరకని కాలంలో ఎన్నిసార్లని కుట్టేది? ఈ పొద్దు పంచె పట్టిన నోరు రేపు కాలు పట్టుకోదా?"

"నాయనా, ఎట్ల చినిగింది ఇది?" అడిగాడు వెంకటేశప్ప.

ఓబళప్ప నవ్వాడు. "దొర రోజాలకు నీళ్లు పెట్టల్ల గదప్పా."

ఏమడిగినా ఆయన చెప్పేది అదే.

"నాకు చేతగాదు. అలిసిపోయినా," అంది కదిరమ్మ. కోపంగా కూడా అనలేదు. కోపానికీ ఓపిక కావాలి. "ఈ ఇంట్లో అదన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల."

వెంకటేశప్ప చిరుగు వంక చూశాడు. పెళ్లాం ముఖం వంక చూశాడు.

"సరే," అన్నాడు.

ఆదివారం నాడు, చిక్కమగళూరు కాఫీతోటల్లో మేస్త్రీగా ఉన్న పాపయ్య కుక్కను తోటకు తీసుకుపోవడానికి గొలుసు పట్టుకుని వచ్చాడు. బ్రూనో గడప వదల్లేదు. నలుగురు మగవాళ్లు కలిసి ఈడిస్తే గానీ వీధిలోకి రాలేదు. మొరగలేదు, కరవలేదు. మలుపు దాకా మెడ తిప్పి వాకిలి వైపే చూస్తూ పోయింది.

కదిరమ్మ మలుపు వంక ఒకసారి చూసింది. వెంటనే చెంబు తెచ్చి గడప కడిగేసింది.

సోమవారం మొగుడు మిల్లుకు పోయాక గడపకు కరువుతీరా పసుపు పూసింది. ముగ్గు పెట్టింది. మామకు కొత్త పంచె కట్టి నడవలో కూర్చోబెట్టింది. ఇక చిరిగే భయం లేదు కదా. పెరట్లో కండెలు చుట్టుకుంటుంటే ఎన్నాళ్లకో ప్రాణం తెరిపిన పడ్డట్టయింది.

మధ్యాహ్నం సంగటి తీసుకొస్తే నడవలో ఎవరూ లేరు.

"మా మామను చూసినారా?"

"లేదే! ఆయన గడప దాటే మనిషి కాదు గదా!" అన్నారు వీధిలో వాళ్లు.

నిజమే. ఇన్నాళ్లలో ఒక్కసారీ దాటలేదు. కదిరమ్మ పేటంతా తిరిగింది. ఎండ నిప్పులు చెరుగుతోంది.

పొద్దు వాలే వేళకు వాకిట్లో జట్కా ఆగింది. దొర బంగళా కావలివాడు దిగాడు.

"తాళం వేసిన గేటుకు ఆనుకోని కూసోనుండాడమ్మా. దండు దాకా ఎండలో నడిచొచ్చినట్లుండాడు. నోట్లో నీళ్లు పోసినా. మింగలేదు."

ఓబళప్ప శవాన్ని నడవలో పడుకోబెట్టారు. మిల్లుకు కబురు పోయింది.

"కడుపున పుట్టిన కూతురు కూడా ఇంత బాగా చూడదు," సుబ్బలక్ష్మమ్మ ఏడుస్తూ కదిరమ్మను దగ్గరికి తీసుకుంది. "ఇన్నాళ్లు కంటికి రెప్ప మాదిరి కాసినావు తల్లీ."

కదిరమ్మ ఆ చేతులు విడిపించుకుంది. మామ పక్కన కూలబడి, కొత్త పంచె అంచును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమింది.

ఎక్కడా ఒక్క పంటి గాటు లేదు. ఆయన్ను పట్టి వెనక్కి లాగడానికి ఆ రోజు గడపలో ఎవరూ లేరు.