ఏడు వేల చుట్లు

“నానీ, సార్ ముంగట మోటర్ల ముచ్చట తియ్యకు. కసమ్ తిను.”

“తింటతియ్. అసలు నోరే తెరువ, చాలా?” అంది అమ్మమ్మ అఖ్తరున్నీసా.

మెదక్ బస్టాండు వెనక సందులో ముప్పై ఏళ్లుగా కాలిన బోరు మోటర్లకు రాగి తీగ చుడుతున్న మనిషి ఆమె. ఆమెను మోటర్ల మాట ఎత్తొద్దనడం, వంటామెను ఉప్పు మాట ఎత్తొద్దనడమే. అయినా మనవడు జియా కోసం ఒప్పుకుంది.

జియా మోటర్లన్నిటినీ మూలకు నెట్టి టార్పాలిన్ కప్పాడు. గ్రీజు వాసన పోవాలని రెండు అగరుబత్తులు వెలిగించాడు. బల్ల మీద ఎలక్ట్రిక్ గిటార్ పెట్టాడు. పాతకాలపు మోడలు, కొత్త సరుకు. శబ్దం పీలగా ఉందని, తీగల కింద ఉండే కాయిల్ విప్పి, వెంట్రుకంత తీగతో తనే మళ్లీ చుట్టాడు.

దాన్ని పరీక్షించడానికి హైదరాబాదు నుంచి నగేష్ సార్ వస్తున్నాడు. యూట్యూబ్‌లో గిటార్లను ఉతికి ఆరేస్తాడని పేరు. ఆయన ముఖం ఎవరూ చూడలేదు. వీడియోల్లో చేతులే కనిపిస్తాయి, మాటలన్నీ కింద అక్షరాల్లోనే వస్తాయి.

“గా సార్ బాగుందంటే సగం బల్ల నీది. గిటార్ల పని పెట్టుకో. బాగలేదంటే రేపటి సంది మోటర్ల కాడనే కూసోవాలె,” అని నాని షరతు. జియాకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

‘తూప్రాన్ దాటాను’ అని మెసేజ్ వచ్చిన గంటకు షాపు ముందు కారు ఆగింది. తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన దిగాడు. జియా ఉరికివెళ్లి చెయ్యి కలిపాడు. ఆ చేతి నిండా కాయలు. సాధన అంటే ఇదీ, అనుకున్నాడు.

“రండ్రి సార్, కూసోండ్రి. మీరేం మాట్లాడకుండ్రి. ముందుగాల వినుండ్రి.”

ఆయన షాపంతా కలియజూసి, నానికి నమస్తే పెట్టాడు. నాని ఏదో అనబోయింది. జియా కళ్లురిమాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జియా గిటార్ తీసి ఆయన చేతుల్లో పెట్టాడు.

“బరువు మంచిగనే ఉంది,” అన్నాడాయన. “కొత్తదే గద, గీ గీతలేంది?”

“వింటేజ్ స్టైల్ సార్. పాతదాని లెక్క కనవడాలని కంపెనోళ్లే గీకుతరు.”

“పైసలిచ్చి గీకిచ్చుకున్నవా!”

సార్ వెటకారం వీడియోల్లో కంటే ఎదురుగా ఇంకా ఘాటుగా ఉందని జియా మురిసిపోయాడు. గిటార్‌ను స్పీకరుకు తగిలించి మొదట మెత్తగా, తర్వాత గోడలు అదిరేలా వాయించాడు. మధ్యలో జేబులో ఫోను రెండుసార్లు మోగింది. రెండుసార్లూ కట్ చేశాడు.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

“ఎట్లుంది సార్?”

“ఎనక గుయ్యిమంటుంది. ఎర్తింగ్ లూజున్నట్టుంది, చూడు.”

విప్పి చూస్తే నిజంగానే ఎర్త్ తీగ ఊడి వేలాడుతోంది. అతికించి మళ్లీ వాయించాడు. రొద పోయి, తీగ తీగా విడివిడిగా, తేటగా పలికింది. జియాకు ఒళ్లు జలదరించింది. చెవులంటే అవీ!

“చుట్టిందెవరు?” అన్నాడాయన.

“నేనే సార్. ఏడు వేల చుట్లు, చేత్తోనే.” మూత తీసి కాయిల్ చూపించాడు.

ఆయన వంగి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూశాడు. “యాడ సందు లేకుంట చుట్టినవ్. దినమంత నడిపినా కాలదు. నీ చేతిల పనుంది తమ్మీ.”

జియా కళ్లలో నీళ్లు తిరిగాయి. లక్షల ఖరీదు చేసే గిటార్లకు కూడా సార్ ఇంత మాట అనలేదు.

“నానీ, విన్నవా? సగం బల్ల!”

నాని భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకునే, పానాలూ పటకారూ ఒక పక్కకు జరిపి, సగం బల్ల ఖాళీ చేసింది.

“సార్, వీడియో ఎప్పుడు పెడ్తరు?”

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. మూలనున్న టార్పాలిన్ కేసి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

“గదంత నాకెందుకు తమ్మీ, నా బోరు మోటర్ అయిందా?”