ఏడు గోల్స్

ఎమ్మెట్ ఆటోగ్రాఫులు పెట్టడానికి పెన్ను కూడా వెంట తెచ్చుకున్నాడని పక్కింటి ఇర్మా ఒనొండాగా ఆదివాసుల ఊరంతా చెప్పుకొచ్చింది.

పట్నం జట్టులో జీతానికి లక్రోస్ అనే వలకర్రల బంతాట ఆడే ఎమ్మెట్, ఆ పొద్దున జబ్బుపడ్డ మేనమామ లెవీ కోసం చెక్కకర్ర పట్టి బరిలోకి దిగాడు. రోగి కోరితే ఊరి మగవాళ్లంతా రెండు పక్షాలుగా ఆడాలి. ఆ ఆటే అతనికి మందు. ఏ పక్షం ముందు ఏడు గోల్స్ కొట్టినా ఆట అక్కడితో సరి.

ఏడూ ఎమ్మెట్టే కొట్టేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముసలాళ్లకి బంతి అందనే లేదు.

దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చున్న లెవీ దగ్గరికి చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎలా ఉంది మావయ్యా నా ఆట?"

"అదరగొట్టావురా అల్లుడూ! ఊరి తాతల్ని కూడా బోర్లా పడేశావు."

"నీకోసం గెలవాలిగా మరి!"

"ఎవరి మీదరా? అటుపక్కవాళ్లూ నాకోసమే ఆడుతుంటే?"

ఎమ్మెట్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆట ముగిశాక అందరికీ పోయాల్సిన మొక్కజొన్న సూప్ పొయ్యి మీద ఇంకా ఉడకనే లేదు.

"నువ్వు అలసిపోతావని... పది నిమిషాల్లో ముగించాను."

"సాయంత్రం దాకా చూద్దామని మంచం దిగొచ్చానురా. ఇంకోసారి దిగలేను. తీసుకెళ్లి పడుకోబెట్టు."