పియానోలో బోల్టులు

"పియానో నిండా బోల్టులేనమ్మా! అన్నీ ఏరేశాను," అన్నాడు శ్రుతి చేసే హోల్గర్ గర్వంగా.

అతన్ని పిలిచింది నేనే. మా ఆయన ఎడ్విన్ కుర్చీలో కూలబడ్డాడు. కొత్త నాదం కోసం మూడు నెలలు తంటాలుపడి తీగల మధ్య ఇరికించుకున్నవి అవి. సాయంత్రం మా ఇంట్లోనే కచేరీ. న్యూయార్క్ విమర్శకులంతా వస్తున్నారు.

"ఏది ఎక్కడో రాసుకోలేదా?"

"లేదు వెర్నా, చెవితోనే పెట్టాను."

లేచి వెళ్లి ఒక బోల్టు తీగల మధ్య దూర్చి, మీట నొక్కాడు.

"అది కాదు," అన్నాను. "తడిబూటు చప్పుడు దాని పక్క మీటది. ఇక్కడ పెనం జారిపడ్డట్టు మోగాలి."

ఎడ్విన్ నావైపు తెల్లబోయి చూశాడు.

"నా సంగీతం నీకు తలనొప్పి అన్నావుగా?"

"తలనొప్పే. మూడు నెలల్లో కంఠతా వచ్చేసింది. ఆ పొట్టి బోల్టు ఇలా ఇవ్వు."